తెర వెనక్కి వెళ్లని చట్టం

రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ తెచ్చిన ప్రైవేటు బిల్లు ప్రేరణగా 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం, టికెట్టు పెట్టి జనానికి చూపే వినోదంలో ఆడించే జంతువులను ‘ప్రదర్శన జంతువులు’గా నిర్వచించి, వాటి యజమానులూ శిక్షకులూ పేరు నమోదు చేయించుకోవాలని ఆదేశించింది. జంతువులను ఉంచే చోట్లను తనిఖీ చేసే అధికారాన్ని 25వ సెక్షన్ ఇచ్చింది గాని, ప్రదర్శన జరుగుతున్నంతసేపు రంగస్థలం మీదికి గాని, దాని వెనక్కి గాని తనిఖీదారు వెళ్లరాదని అదే సెక్షన్‌లో మరో వాక్యం చేర్చింది. బ్రిటన్ 1925లో చేసుకున్న చట్టంలోని షరతే ఇక్కడికీ వచ్చింది. ఉల్లంఘనకు శిక్ష 500 రూపాయల వరకు జుర్మానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఊరూరా గుడారం వేసి, నాలుగు వారాలకు మరో జిల్లాకు తరలిపోయే సర్కస్ కంపెనీకి ఇది బెదురు పుట్టించే సంగతి కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశీయ జంతువులను వేటనుంచి కాపాడడానికి పుట్టింది. పట్టి తెచ్చినదైనా, బోనులోనే పుట్టినదైనా, తన షెడ్యూళ్లలో, అంటే అనుబంధ జాబితాల్లో, పేరున్న జాతినే అది ‘బంధిత జంతువు’గా గుర్తించింది, గిర్ సింహం ఆ జాబితాలో ఉండగా ఆఫ్రికా సింహం, చింపాంజీ, నీటిగుర్రం వంటి విదేశీ జంతువులు దాని వెలుపలే మిగిలాయి. 1991 సవరణతో కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడి, దాని గుర్తింపు లేకుండా ఏ జూ నడవరాదన్న నియమం వచ్చినా, ‘జూ’ నిర్వచనంలో సర్కస్ చేరదని ఆ సవరణే స్పష్టం చేసింది. 1992 నాటి గుర్తింపు నియమాలు మాత్రం చిన్న విషయాలనూ వదలలేదు: వారంలో ఒకరోజు సందర్శకులకు సెలవు ఇవ్వాలని, సరైన కారణం లేకుండా ఏ జంతువునూ ఏడాదికి మించి జత లేకుండా ఉంచరాదని, ఒకే జాతిలోని వేర్వేరు ఉపజాతులను సంకరం చేయరాదని అవి నిర్దేశించాయి. అయితే పెద్ద జూలలో ఎక్కువ భాగం రాష్ట్ర అటవీ శాఖలవే కావడంతో, ప్రభుత్వాన్ని ప్రభుత్వమే తనిఖీ చేసే ఏర్పాటుగా అది పరిణమించింది. ఒడిశాలోని నందన్‌కానన్ జూలో 2000 జూలైలో, రక్తంలో పెరిగే పరాన్నజీవి వల్ల వచ్చే ట్రిపనోసోమియాసిస్ అనే జబ్బుతో 12 పులులు చనిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో సఖి అనే ఆడపులిని ఎవరో దాని ఆవరణలోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. ఆ రెండూ సర్కారు జూలే.

సర్కస్ సంగతి న్యాయస్థానాల్లో తేలవలసి వచ్చింది. 1991 మార్చిలో కేంద్రం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, కుక్క ప్రదర్శనను నిషేధించగా సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. పునఃపరిశీలన తరువాత 1998 అక్టోబరులో వెలువడిన కొత్త ప్రకటన కుక్కను తప్పించి సింహాన్ని చేర్చింది, ఏనుగు జోలికి మాత్రం పోలేదు. భారతీయ సర్కస్‌కు పుట్టిల్లయిన తలశ్శేరి ఉన్న కేరళలోనే, ఆ రాష్ట్ర హైకోర్టు 2000లో నిషేధాన్ని సమర్థించింది; 2001 మే 1న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఆ తరువాతే అసలు చిక్కు ఎదురైంది. ఆడించే హక్కును ఒక కాగితంతో రద్దు చేయవచ్చు గాని, రద్దయిన మర్నాడు ఆ సింహానికి మాంసం ఎవరు పెట్టాలి, దాన్ని ఎక్కడ ఉంచాలి అన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. పర్యవేక్షణ చరిత్ర అంతటా లోటు అధికారంలో కంటే ఈ ప్రత్యామ్నాయ వసతిలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

విశాఖపట్నం, తిరుపతి, వండలూరు, బన్నేరుఘట్ట, జైపూర్ వంటి చోట్ల నెలకొల్పిన జంతు పునరావాస కేంద్రాలు ఆ లోటు పూడ్చడానికి వచ్చినవే. బండిమీది బోనులో పెరిగిన జంతువుకు ఇక్కడ ఆరుబయలు ఆవరణ, రాత్రి గది దక్కాయి. ఒక పక్క గోడను లోపలికి జరిపి జంతువును కదలకుండా నిలిపి సూది వేసే ‘స్క్వీజ్ కేజ్’ కూడా ఉండడంతో వైద్యం తేలికైంది. కంపెనీలు ఆఫ్రికా సింహాలనూ గిర్ సింహాలనూ కలిపి పెంచడంవల్ల ఆ సింహాల్లో చాలావాటిది సంకర సంతతి. అందువల్ల కేంద్రాల్లో వాటికి సంతానం కలగనివ్వకుండా, ఆయువున్నంతకాలం పోషించడమే విధానమైంది. బయటికి ఒకేలా కనిపించే ఈ వంశాలను డీఎన్‌ఏ పరీక్షతోనే వేరు చేయగలరు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 1990లలోనే సింహాల జన్యు వైవిధ్యంపై పరిశోధన చేపట్టింది.

2002 నాటి సవరణ సర్కస్‌ను, పునరావాస కేంద్రాన్ని ‘జూ’ నిర్వచనంలోకి తెచ్చింది. 2013లో ప్రాధికార సంస్థ సర్కస్‌లో ఏనుగుల వాడకాన్నీ నిషేధించింది. ఇళ్లలో, ప్రైవేటు తోటల్లో పెరిగే మకావ్ చిలుకలు, ఇగ్వానాల వంటి విదేశీ జాతుల విషయంలో కేంద్రం 2020లో స్వచ్ఛందంగా వివరాలు వెల్లడించమని కోరడంతో సరిపెట్టుకుంది. అంతర్జాతీయ జంతు వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలోని జాతులకు వన్యప్రాణి చట్టంలో ప్రత్యేక షెడ్యూలు 2022 సవరణతో గాని రాలేదు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రాగా, నమోదు నియమాలు 2024లో వెలువడ్డాయి.