సామవాయి సమర్పణము



తిరుమల ఆనందనిలయమున ఏకాంతసేవ వేళ ఊయలమంచముపై పవళించు వెండిమూర్తిని భోగశ్రీనివాసుడందురు.  మూలవిరాట్టునకు అభిషేకము శుక్రవారముననే జరుగును. నిత్యాభిషేకము నందుకొనునది ఈ చిన్న స్వామియే. ఈ మూర్తిని సమర్పించినది ఒక స్త్రీ. ఆమె పేరు సామవాయి. కాడవన్ పెరుందేవి యనియు నామాంతరము. పల్లవ వంశపు ఆడపడుచు, శక్తివిటంకుడను సామంతుని ధర్మపత్ని.

ఆలయ మొదటి ప్రాకార కుడ్యముపై ఆమె శాసనములు తమిళభాషలో నున్నవి. కాలము విషయమున పెద్దలలో భేదము గలదు. క్రీ.శ. 614 అని దేవస్థాన చరిత్రలలో ప్రసిద్ధము. 966 అని కొందరు శాసనపరిశోధకుల నిర్ణయము. ఏది గ్రహించినను వేయి సంవత్సరములు దాటిన మాట నిజము. మేము ఈ వాదమునకు దిగము. ఆమె యేమి యిచ్చెనో, ఎట్లిచ్చెనో అదియే మాకు ముఖ్యము.

వెండిమూర్తిని చేయించి, వజ్రములు, మాణిక్యములు, ముత్యములు పొదిగిన ఆభరణములతో నలంకరించి ప్రతిష్ఠింపజేసినది. మరియొకరైనచో అంతటితో కృతార్థులమైతిమని ఇంటికి మరలుదురు. సామవాయి మరలలేదు. స్వామిని నిలిపితిమి గదా, రేపు ఆయనకు నైవేద్యమెవరు పెట్టుదురు? దీపములో చమురెవరు పోయుదురు? ఈ చింత ఆమెకు గలిగినదని శాసనమే చెప్పుచున్నది. ఏలయన నిత్యనైవేద్యమునకును, అఖండదీపమునకును, అయన విషువ పుణ్యకాలములందలి తిరుమంజనమునకును ఆమె భూమి నేర్పరచినది. ఆ భూమిని కొని యిచ్చినది. అధికారము చేతిలోనున్న యింటి స్త్రీ, ఒకరి పొలమును దేవుని పేర లాగికొనక, వెలయిచ్చి కొని సమర్పించుట మేము మిక్కిలి మెచ్చుకొను విషయము. న్యాయార్జితము కాని ద్రవ్యము స్వామి సన్నిధికి చేరినను దానమనిపించుకొనదు.

అంతటితోను ఆగలేదు. రెండవ శాసనమొకటి కలదు. అదే స్వామి ఉత్సవాదులకై మరికొంత భూమిని కొని చేర్చినది.

మా పాఠశాలలో తైత్తిరీయ శీక్షావల్లి చెప్పుకొను దినములలో మాకొక సందేహము పుట్టెను. శిష్యుడు గురుకులము విడుచువేళ ఆచార్యుడు దానవిధి నుపదేశించుచు శ్రద్ధతోపాటు భయమును గూడ చేర్చినాడు. ఇచ్చుటకు ధైర్యము కావలెను గాని భయమెందులకు? పోయినదను భయమా? అప్పటికి ఏదియో సమాధానము వల్లించితిమి. చాలకాలమునకు సామవాయి రెండవ శాసనము సంగతి తెలిసినప్పుడు మనసు కుదుటబడినది. ఇచ్చినది చాలదేమో యను భయమది. తన చేతినుండి పోవుదానిని గూర్చి ధైర్యము, స్వామికి చేరుదానిని గూర్చి భయము. మనలో అనేకులకు ఇది తలక్రిందులై యుండును.

శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడుమారులు కొండకు వచ్చినాడు. ఉదయగిరిని జయించిన పిమ్మట 1514లో ముప్పదివేల వరాహములతో స్వామికి కనకాభిషేకము చేసినాడు. అదియు మహత్తరమే, సందేహము లేదు. మహాద్వారము దాటగానే ఉభయదేవేరులతో చేతులు జోడించిన రాయల ప్రతిమను యాత్రికులందరును చూచి నమస్కరింతురు. సామవాయి ప్రతిమ ఆ మండపమున లేదు.

కొందరు గృహస్థులు మావద్దకు వచ్చి, “శాస్త్రిగారూ, పిల్లల పెండ్లిండ్లు కానిండు, ఇల్లు పూర్తి కానిండు, ఆ పిమ్మట స్వామికేదైన చేసెదము” అందురు. వారి భక్తిని మేము శంకింపము. కాని ఆ పిల్లలకు పిల్లలు కలిగినను “ఆ పిమ్మట” రాకపోవుట మేము చూచితిమి. పావు శేరు నూనె యిచ్చుటకు ఏ యిల్లు పూర్తి కావలెను?

ఈసారి తిరుమలకు పోయినప్పుడు రాయలవారికి నమస్కరించి లోనికి సాగుడు. సన్నిధిలో మూలమూర్తి పాదములకడ నున్న ఆ వెండిస్వామిని, నెట్టివేయుచున్న జనములోనే, ఒక్క క్షణము వెదకి చూడుడు. ఈ రాత్రియు ఆయనయే పవళించును.