నీళ్ళమీద కాపురం

మావారిది బదిలీల ఉద్యోగం. ఇరవై రెండేళ్ళ కాపురంలో తొమ్మిది ఊళ్ళు, పదకొండు ఇళ్ళు మారాం. లారీ వచ్చి వాకిట్లో ఆగిందంటే చాలు, ఆయనకి బీరువా అద్దం గురించి బెంగ, నాకు తులసి కుండీ గురించి. కొత్త ఇంట్లో సామాను దింపి, పాలు పొంగించి, పొయ్యి ఏ మూల పెట్టాలో తేలేదాకా నా లెక్కలో అది ఇల్లు కాదు, సత్రం.

అలాంటి నా చేతికి మా చిన్నవాడు లైబ్రరీనుంచి తెచ్చిన పుస్తకం ఒకటి చిక్కింది. జాషువా స్లోకం అనే నావికుడు రాసింది. 1900లో అచ్చయింది. 1895 ఏప్రిల్ 24న అమెరికాలోని బోస్టన్‌లో బయలుదేరి, ముప్ఫై ఆరడుగుల చిల్లర పొడవున్న 'స్ప్రే' అనే తెరచాప పడవలో, ఒక్కడే, ప్రపంచమంతా చుట్టి 1898 జూన్ 27న తిరిగొచ్చాడు. నలభై ఆరువేల మైళ్ళు! అంతకుముందు ఒంటరిగా ఆ పని చేసినవాడు ఈ భూమ్మీద లేడు. పడవలో ఒక్కడే వండుకోవడం, ఒక్కడే తినడం, తనతో తనే మాట్లాడుకోవడం, అంతా హాయిగా, నవ్వుతూ చెప్పుకుపోతాడు. పుస్తకం మూశాక నాకొచ్చిన మొదటి సందేహం మాత్రం సముద్రం గురించి కాదు. ఈయనకి పెళ్ళాం పిల్లలు లేరా?

ఉన్నారు. ఒకావిడ పోయాక ఇంకొకావిడ, ఇద్దరు భార్యలు. పిల్లలూ ఉన్నారు. ఆ పుస్తకంలో దాదాపు కనిపించరు, అంతే. పెద్దకొడుకు విక్టర్ ముసలివాడయ్యాక రాసిన తండ్రి చరిత్ర 1950లో అచ్చయింది. మనలాంటివాళ్ళకి కావలసిన సంగతులు అందులో ఉన్నాయి.

మొదటి ఆమె పేరు వర్జీనియా వాకర్. అమెరికాలో పుట్టి, తల్లిదండ్రులతో ఆస్ట్రేలియా చేరి, సిడ్నీలో పెరిగింది. సరుకుల ఓడ మీద కెప్టెనుగా సిడ్నీ వచ్చిన స్లోకంతో కొన్ని వారాల పరిచయం. 1871 జనవరి 31న పెళ్ళి. పిల్లకి ఇరవై ఒకటి. పుట్టింటినుంచి అత్తింటికి కాదు, పుట్టింటినుంచి ఓడకి వెళ్ళింది. అది ఎక్కడికి బయలుదేరిందనుకున్నారు? అలాస్కాకి, సాల్మన్ చేపల వేటకి! అక్కడి కుక్ ఇన్‌లెట్‌లో గాలివానకి లంగరు జారి ఓడ ఒడ్డెక్కి పాడైపోయింది. చేపల్ని మాత్రం పోనివ్వలేదట, వేరే పడవల్లో చేరవేసుకొచ్చారట. కొత్త కాపురం మొదలైన ఏడాదిలోనే ఇల్లు మునిగిందన్నమాట. నేనైతే మా నాన్నకి ఉత్తరం రాసేదాన్ని.

ఆమె రాయలేదు. రాసినా 'నన్ను తీసుకుపొండి' అని మటుకు రాయలేదు. ఆ తరువాత పదమూడేళ్ళు ఓడలే ఆమెకు ఇళ్ళు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. మనవైపూ ఓడలున్నాయి. కోరంగి ఓడరేవు పేరు బర్మాలో ఎంతగా పాకిందంటే, అక్కడ తెలుగువాళ్ళనే 'కోరంగీలు' అని పిలిచేవాళ్ళు. మా అమ్మమ్మ తరంలో గోదావరి జిల్లాల్లో, విశాఖవైపు 'రంగం వెళ్ళాడు' అంటే రంగూను వెళ్ళాడని అర్థం. వెళ్ళినవాళ్ళు నూటికి తొంభైపాళ్ళు మగవాళ్ళే. ఆడవాళ్ళు ఒడ్డున ఉండి మనియార్డరు కోసం ఎదురుచూశారు. తెల్లవాళ్ళ సరుకుల ఓడల్లో మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో కెప్టెను కోరుకుంటే భార్యాపిల్లల్ని వెంటబెట్టుకు వెళ్ళడం ఉండేది. ఎదురుచూపు తప్పింది సరే. దాని బదులు ఏమొచ్చింది?

పురుళ్ళు చూడండి. 1872లో విక్టర్, శాన్ ఫ్రాన్సిస్కో రేవులో, ఓడమీద. 1873లో రెండోవాడు, సిడ్నీలో, మళ్ళీ ఓడమీదే. ఆ ఓడ పేరు 'బెంజమిన్ ఎయ్‌మార్', పిల్లాడికీ అదే పేరు పెట్టారు. (ఆసుపత్రి పేరు పిల్లలకి పెట్టినట్టు.) 1875లో కూతురు జెస్సీ ఫిలిప్పీన్స్‌లో. నాలుగోవాడు గార్ఫీల్డ్ 1881లో హాంకాంగ్ రేవులో, 'అమెథిస్ట్' అనే ఓడమీద. ఇవి మిగిలిన పిల్లల లెక్క. ఆమె కన్నది ఏడుగుర్ని. 1877లో ఉత్తరాన కాడ్ చేపల వేటకి వెళ్ళినప్పుడు కవలలు పుట్టి దక్కలేదు. తరువాత మరో ఆడపిల్లా అంతే. మంత్రసాని లేదు, అమ్మ లేదు, పథ్యం వండిపెట్టే పెద్దదిక్కు లేదు. వంటవాడూ కలాసీలే చుట్టూ ఉన్నది.

జెస్సీ పుట్టినప్పటి ఇల్లు చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లోని సూబిక్ అఖాతం ఒడ్డున స్లోకం ఒకాయనకి ఓడ కట్టిపెట్టే పని ఒప్పుకున్నాడు. అడవి పక్కన, వెదుళ్ళతో, తాటాకులాంటి ఆకుల కప్పుతో, గుంజలమీద నిలబెట్టిన పాక. తేళ్ళూ జెర్రులూ ఉంటాయని రోజూ బట్టలు దులిపి తొడుక్కోవడం. తీరా ఓడ పూర్తయ్యాక చేతికి రావలసిన డబ్బు సరిగా రాలేదు. దాని బదులు 'పాటో' అనే చిన్న ఓడ అంటగట్టారు. పాటో అంటే స్పానిష్‌లో బాతు. దానికి పైకప్పు బల్లలు కూడా లేవు! బాకీ కింద పాత జీపు ఇచ్చే కాంట్రాక్టర్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు కాబోలు. వర్జీనియా పిల్లల్ని చంకనేసుకుని బాతు ఎక్కింది.

కష్టాలే చెబితే ఆమెకి అన్యాయం చేసినదాన్నవుతాను. విక్టర్ మాటల్లో కనిపించే తల్లి దిగులు మనిషి కాదు. పొద్దున్నే పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పేది. ఓడలో బోలెడు పుస్తకాలు, పియానో. తీరిక దొరికితే సొరచేపల వేట! డబ్బా ఒకటి తాడుకి కట్టి నీళ్ళలో వదిలితే ఆ మెరుపుకి సొర దగ్గరకొచ్చేది, ఈవిడ రివాల్వరుతో గురిచూసి కొట్టేది. గురి సరదాకే కాదు. 1882లో 'నార్తర్న్ లైట్' అనే పెద్ద ఓడలో ఉండగా కలాసీలు తిరగబడ్డారు. ఒక అధికారిని పొడిచారు. అప్పుడు భర్త వెనకాల రివాల్వరు పట్టుకుని నిలబడింది వర్జీనియాయే. ఓడ కదిలేదాకా ఆమె పిల్లల తల్లి, కదిలాక ఆయనకి కుడిభుజం. ఇష్టపడి బతికిందనే అనిపిస్తుంది నాకు. ఇష్టం లేనిమనిషికి అంత గురి రాదు.

1884లో చిన్న ఓడ 'అక్విడ్నెక్'లో దక్షిణ అమెరికా వెళ్ళారు. అప్పటికే ఆమె ఒంట్లో బాగాలేదు. బ్యూనస్ ఐరిస్ దగ్గర లంగరేశారు. సరుకు దొరికితే సిడ్నీ వెళదామనీ, అమ్మావాళ్ళని చూడవచ్చనీ ఆశ. జూలై 25న ఆయన సరుకు బేరానికి ఒడ్డుకి వెళ్ళాడు. అవసరమైతే ఫలానా జెండా ఎగరెయ్యమని వాళ్ళిద్దరికీ ఒక ఒప్పందం. ఇంగ్లీషు 'జె' అక్షరానికి గుర్తయిన నీలం తెలుపు చారల జెండా అది. జాషువాలో జె. ఆ పొద్దున ఆవిడ లేచి వెన్నలో ఉప్పు కలుపుతూ ఉందట, చెడిపోకుండా. మధ్యాహ్నానికి జెండా ఎగిరింది. ఆయన పరుగున వచ్చాడు. ఆ సాయంత్రం ఆమె పోయింది. ముప్ఫై నాలుగేళ్ళు. ఆ ఊళ్ళోని ఇంగ్లీషువాళ్ళ శ్మశానంలో పాతిపెట్టారు. పదమూడేళ్ళలో ఆమెకు దొరికిన సొంత నేల అదే.

కొద్దిరోజులకే అంతటి నావికుడూ ఓడని ఇసుకదిబ్బ ఎక్కించాడు. పిల్లల్ని బోస్టన్‌లోని తన అక్కచెల్లెళ్ళ దగ్గర దింపాడు. 1886 ఫిబ్రవరిలో మళ్ళీ పెళ్ళి. పిల్ల ఆయనకి చుట్టమే. హెన్రియెటా, అందరూ హెట్టీ అనేవారు. ఆమెకు 24, ఆయనకి 42. అంకెలు తిరగేస్తే సరిపోయింది గానీ వయసులు సరిపోతాయా! పెళ్ళయిన ఆరోరోజున 'అక్విడ్నెక్' ఎక్కించాడు. ఎక్కిన కొద్దిరోజులకే పెనుతుఫాను. సవతి పిల్లలిద్దరు, విక్టరూ చిన్న గార్ఫీల్డూ, అదే ఓడలో.

తరువాతి రెండేళ్ళూ గబగబా చెప్పేస్తాను, నిదానంగా చెబితే నాకే భయం. అర్జెంటీనాలో కలరా అని బ్రెజిల్ రేవులు రానివ్వలేదు. ఒక రాత్రి కలాసీలు కత్తులతో మీదికొస్తే స్లోకం కాల్చాడు, ఒకడు చచ్చాడు, కేసు నడిచింది, నిర్దోషి అన్నారు. తరువాత ఓడలో మశూచి. ఇవన్నీ అయ్యాక 1887 డిసెంబరులో బ్రెజిల్‌లోని పరనాగ్వా అఖాతంలో ఓడ ఇసుకలో దిగబడి విరిగిపోయింది. ఊరుకాని ఊరు, భాష కాని భాష, డబ్బు లేదు, నలుగురు మనుషులు.

స్లోకం పడవ కడతానన్నాడు. ముప్ఫై ఐదడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. కొయ్య అక్కడి అడవిది. మేకుల్లో కొన్ని పాత ఓడ తలుపుల బందులనుంచి ఊడదీసినవి, కొన్ని రాగి రేకులూ రాగి నాణేలూ కరిగించి చేయించినవి. పలకల్ని బిగించిపట్టే కర్రలు వంకర జామకొమ్మలు. తెరచాపలు ఎవరు కుట్టారో చెప్పక్కర్లేదు కదా. హెట్టీ కుట్టింది. బట్టలు కుట్టడం వచ్చిన మనిషి. రవికెకి చేతులు అతికించినంత సులువా అది? ముతక కాన్వాసు, గాలికి చిరిగితే నలుగురి ప్రాణం పోయేపని. ఆ తెరచాపలు చాలా బాగున్నాయని స్లోకం పుస్తకంలో మెచ్చుకున్నాడు. మగవాడు కుట్టుపని మెచ్చుకుంటూ అచ్చువేయించడం నేను చూసింది అక్కడే.

1888 మే 13న పడవని నీళ్ళలోకి తోశారు. సరిగ్గా ఆ రోజునే బ్రెజిల్‌లో ఇసబెల్ రాకుమారి సంతకంతో బానిసత్వం రద్దయింది. అందుకే పడవకి 'లిబర్‌డాడె' అని పేరు, పోర్చుగీసులో స్వేచ్ఛ అని అర్థం. జూన్ 24న బయలుదేరారు, తీరం పట్టుకుని ఉత్తరానికి.

పడవలో పెట్టుకున్న సామాను జాబితా స్లోకం ఇచ్చాడు. నేను దాన్ని కిరాణా చీటీలాగా నాలుగుసార్లు చదివాను. ఓడ బిస్కట్లు 120 పౌన్లు, పంచదార 30, కాఫీ 9, టీ 3, ఎండుచేపలు, రెండు సీసాల తేనె, రెండువందల బత్తాయిలు, ఆరు అరటి గెలలు, డజను చెరుకు గడలు, 120 గ్యాలన్ల మంచినీళ్ళు. మందుల పెట్టెలో మిరియాలూ దాల్చినచెక్కా. 'ఉప్పేదీ?' అని వెతికాను. ఉప్పూ ఉందని విడిగా రాశాడు. నాలుగు నోళ్ళకి ఏ రేవుదాకా ఎంత సరిపోతుందో లెక్క వేసినవాళ్ళకే ఆ చీటీ విలువ తెలుస్తుంది.

మొదట్లోనే గాలికి చాపలు చినిగాయి. సాంతోస్‌నుంచి రియోదాకా ఒక స్టీమరు తాడు కట్టి లాక్కెళ్ళింది. హెట్టీనీ గార్ఫీల్డునీ స్టీమరులో కూర్చోబెట్టారు. వెనక పడవలో చుక్కాని పట్టుకుని తండ్రి, తాడు దగ్గర గొడ్డలి పట్టుకుని పదహారేళ్ళ విక్టర్. మునిగే సూచన కనబడితే నరికెయ్యాలి! స్టీమరు వెనకవైపు నిలబడి ఆ తాడునే చూస్తూ ఆమె ఎలా ఉందో ఊహించుకోండి. స్లోకం ఆ వేగాన్ని గురించే ముచ్చటపడతాడు. రియో దాటాక ఒక రాత్రి తిమింగలం పడవ కిందనుంచి లేచింది. అయినా బహియా, పెర్నంబుకో, బార్బడోస్, ప్యూర్టోరికో రేవులు ఒక్కొక్కటీ దాటి అక్టోబరు 28న అమెరికాలోని దక్షిణ కరోలినా చేరారు. సముద్రంమీద గడిపినవి యాభై అయిదు రోజులు, అయిదువేల అయిదువందల పై మైళ్ళు. డిసెంబరు 27న వాషింగ్టన్‌లో లంగరేశారు.

హెట్టీ బోస్టన్ చుట్టాలింటికి వెళ్ళింది. మళ్ళీ అలాంటి ప్రయాణానికి వెళ్ళలేదు. 'స్ప్రే' సిద్ధమయ్యాక ఆయన పిలిచాడనీ, తన వంతు ప్రయాణం అయిపోయిందని ఆవిడ అన్నదనీ చెబుతారు. ఆమెను పిరికిదనేవాళ్ళు కనబడ్డారు నాకు, వర్జీనియాతో పోల్చి. తుఫానూ కలరా మశూచీ తిమింగలమూ చూసినావిడ పిరికిదా? వర్జీనియా ఎంత దూరం వెళ్ళగలిగిందో, హెట్టీ ఎక్కడ ఆగాలో తెలుసుకోగలిగింది. నాకిద్దరూ చుట్టాల్లాగే అనిపిస్తారు.

స్లోకం ఒంటరిగా వెళ్ళి, ఒంటరిగా పేరు తెచ్చుకుని వచ్చాక, 1902లో మార్తాస్ వైన్‌యార్డ్ దీవిలో ఒక పొలమూ ఇల్లూ కొన్నాడు. రైతుగా నిలబడదామనే అనుకున్నాడు పాపం. రెండేళ్ళు తిరక్కుండానే చలికాలం వస్తే 'స్ప్రే' ఎక్కి దక్షిణాది దీవులకి పోవడం మొదలెట్టాడు. చివరిసారి వెళ్ళి మరి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. 1909 నవంబరు 14నుంచి చనిపోయినట్టే లెక్క అని 1924లో కోర్టు తేల్చింది. పదిహేనేళ్ళు ఆ కాగితం కోసం పట్టింది. ఆయన తిరిగిరాని ఆ ఏళ్ళలో హెట్టీ ఉన్నది ఆ దీవిమీదే, ఏ దిక్కున నడిచినా చివరికి సముద్రమే కనిపించే చోట.