చేపగా చెల్లిన జంతువు

నేను కాపురముండు ఈ న్యూఫౌండ్లాండు ద్వీపమునకు ముఖ్యపట్టణమైన సెయింట్ జాన్స్‌లో, వసంతారంభమున, రేవుగట్టున లారీలు నిలిపి, నల్లని అరచేతులవలె కనబడు సీలు ఈతరెక్కలను అమ్ముచుందురు. వానిని కొనిపోయి, నీచువాసన గొట్టు కొవ్వునంతయు చెక్కివైచి, ఉల్లిపాయలతోను దుంపలతోను ఉడికించి, పైన పిండిమూత కప్పి కాల్చుకొని తినుట ఇచటి పరిపాటి. నన్ను విస్మయపరచినది ఆ వంటకము గాదు, దానిని తిను కాలము. ఈస్టరునకు ముందు నలువది దినములు మాంసము ముట్టరాని భక్తులు సైతము దీనిని నిస్సంకోచముగా ఆరగించుచు వచ్చిరి. నీట నుండును గనుక సీలు చేపయే యని వారి వాదము! మీనమును జలపుష్పమనిన వంగదేశీయుల చాతుర్యము మనమెరుగనిది గాదు గాని, పిల్లకు పాలిచ్చు జంతువును పూలబుట్టలో వేయుటకు వారును సాహసింపలేదు. కార్తీకమున ఉల్లిని సైతము గడప దాటనీయని మా మామ్మను ఈ భక్తుల యెదుట కూర్చుండబెట్టినచో వాదము ఎంతదూరము పోయెడిదో యని ఊహించుకొని నవ్వుకొంటిని. అంతలో తులసికోట కడ ఆమె పెట్టు దీపము జ్ఞప్తికి వచ్చి, ఆ రాత్రి నాకు అన్నము సహింపలేదు.

ఇచటి సీలునకు చెవిదొప్పలు లేవు, చెవిరంధ్రములు మాత్రమే కలవు. వెనుకరెక్కలు ముందునకు మడగవు గనుక మంచుపై బొజ్జతో ప్రాకును, నీట దిగెనా బాణమువలె దూసుకొనిపోవును. ఇచట విస్తారముగా కానవచ్చు హార్పు సీలు, ఫిబ్రవరి చివరను, మార్చిలోను తేలుమంచుపై ఈని, సగమునకు సగము కొవ్వైన పాలు పండ్రెండు దినములు కుడిపి, పిల్లను ఆ మంచుననే విడిచి పోవును. ఆ స్వల్పకాలముననే పది కిలోల పిల్ల ముప్పది కిలోలు మించును. ఇంకను ఉత్తరమున నుండు రింగ్డు సీలు, గడ్డకట్టిన కడలిలో గోళ్ళతో రంధ్రములు గీచి నిలుపుకొని ఊపిరి పీల్చును. ధ్రువపు టెలుగుబంటికి ముఖ్యాహారము అదియే.

సీలునూనెతో ఆంగ్లేయుల దీపములు వెలిగిన కాలమున ఈ ద్వీపపు పేదలు దానికై ఒడ్డిన ప్రాణములను తలచిన నా మనస్సు కలతపడును. 1914లో ‘న్యూఫౌండ్లాండు’ అను సీలువేట ఓడనుండి తంతిలేని వార్తాయంత్రమును, లాభము లేదని యజమానులు ముందే తీసివేయించి యుండిరి. ఆ ఓడకు వెస్ట్‌బరీ కీన్, వేరొక ఓడకు అతని తండ్రి ఏబ్రం కీన్ నాయకులు. మంచుపై వేటకు దిగిన తన మనుష్యులు తండ్రి ఓడలో నున్నారని కొడుకును, కొడుకు ఓడకు చేరియుందురని తండ్రియు తలచుచుండగా, 132 మంది రెండురాత్రులు మంచుతుపానులో నిలిచిపోయిరి. 78 మంది మరణించిరి. ఎల్లిస్టన్ గ్రామపు రూబెన్ క్రూయు, అతని కుమారుడు ఆల్బర్టు జానును ఒకరి కౌగిట నొకరు గడ్డకట్టి దొరకిరి. ఆ తుపానులోనే ‘సదరన్ క్రాస్’ అను మరియొక ఓడ, 170కి పైగా మనుష్యులతో, ఆనవాలైనను లేక పోయినది.

తరువాతి కాలమున తెల్లబొచ్చు సీలుపిల్లల చర్మముల దిగుమతిని 1983లో యూరపు దేశములు నిషేధించినవి. ఆ పిల్లల వాణిజ్యపు వేటను 1987లో కెనడాయే మాన్పించినది. 1992లో ఇచటి కడలిలోని కాడుచేపలు అడుగంటి, వాని వేట నిలిచిపోగా, వేలాది జాలరుల జీవనము చెడినది. సీళ్ళే తినివైచినవని నేటికిని రేవున వాదించువారు కలరు. వారి దుఃఖము నిజమైనదే గాని నేరారోపణ నాకు సమ్మతము గాదు. హార్పు సీలు కాపెలిన్ వంటి చిన్నచేపలనే మిక్కిలిగా తినును. తెల్లవారు రాకమునుపు కాడులును సీళ్ళును ఒక్కనీటనే సమృద్ధిగా నుండెను. 1968లో ఒక్కయేట సుమారు 8 లక్షల టన్నుల కాడుచేపను లాగుకొనిపోయినవి దేశదేశముల పెద్దవలల ఓడలు, దోషము వానిదే.