ఫోన్‌లో ఫాస్ట్.. ల్యాప్‌టాప్‌లో స్లో? వైఫై కార్డ్ మీరే మార్చుకోవచ్చు.. కొనే ముందు ఇవి చూసుకోండి!

ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 90 దాటుతుంది. అదే గదిలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం 30 కూడా రాదు. ఇలాంటప్పుడు చాలామంది రౌటర్‌నో, నెట్ కంపెనీనో తిట్టుకుంటారు. కానీ చాలాసార్లు అసలు సమస్య ల్యాప్‌టాప్ లోపలున్న చిన్న వైఫై కార్డ్‌లో ఉంటుంది. చాలా మోడళ్లలో దీన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు.

స్లో ఎందుకంటే..
తక్కువ ధర పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మాత్రమే పట్టే, ఒకే యాంటెన్నా ఉన్న వైఫై 4 కార్డులు వచ్చాయి. మామూలు 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో వాటి గరిష్ఠ లింక్ స్పీడ్ 72 ఎంబీపీఎస్. వాస్తవంగా అందేది ఇంకా తక్కువ. పైగా పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్.. అన్నీ ఆ బ్యాండ్‌లోనే. 5 గిగాహెర్ట్జ్ పట్టే కార్డ్ వేస్తే ఈ రద్దీ నుంచి బయటపడొచ్చు. అయితే రౌటర్‌కు కూడా 5 గిగాహెర్ట్జ్ ఉండాలి. లేకపోతే కార్డ్ మార్చినా పెద్దగా తేడా రాదు.

ఏ కార్డ్ కొనాలి?
ముందుగా డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరిచి ఇప్పుడున్న కార్డ్ పేరు చూడండి. తర్వాత మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడండి. కొన్ని స్లిమ్ ల్యాప్‌టాప్‌లలో కార్డ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. అలాంటివి మార్చలేం.

* పాత మోడళ్లలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్, కొత్తవాటిలో ఎం.2 స్లాట్ ఉంటుంది. ఒకదాని కార్డ్ ఇంకోదానిలో పట్టదు. యాంటెన్నా పిన్నుల సైజు కూడా వేరు.
* ఎం.2 వైఫై కార్డ్ సాధారణంగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఖాళీగా కనిపించే ఎం.2 స్లాట్ ఎస్ఎస్‌డీదో, సిమ్ మోడెమ్‌దో కావచ్చు. వైఫై కార్డ్ అందులో పనిచేయదు.
* చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఇంటెల్ ఏఎక్స్210, ఏఎక్స్211 పేర్లు దాదాపు ఒకటే. కానీ ఏఎక్స్210 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తుంది. ఏఎక్స్211కు మాత్రం దానికి సరిపడే ఇంటెల్ ప్రాసెసర్ ఉండాల్సిందే. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అది పనిచేయదు.
* ఏఎక్స్210కి విండోస్ 10 (64 బిట్) లేదా విండోస్ 11 ఉండాలి. విండోస్ 7 వాడేవాళ్లకు డ్రైవర్ దొరకదు.
* కొన్ని పాత లెనోవో, హెచ్‌పీ మోడళ్లు కంపెనీ జాబితాలో లేని కార్డ్ పెడితే ఆన్ అవ్వకుండా ఎర్రర్ చూపిస్తాయి. ఆ మోడల్‌కు పనిచేసే కార్డులేవో ముందే కనుక్కోండి.

మార్చడం ఇలా..
1. కొత్త కార్డ్ డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. మార్చాక వైఫై రాకపోతే డౌన్‌లోడ్ చేయడానికి నెట్ ఉండదు.
2. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. ఛార్జర్ తీసేయండి.
3. వెనక కవర్ స్క్రూలు తీసి, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోండి. పొడుగు స్క్రూ తప్పుచోట బిగిస్తే బోర్డు దెబ్బతినొచ్చు. కవర్‌ను పాత ప్లాస్టిక్ కార్డ్‌తో మెల్లగా లేపండి.
4. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే అక్కడితో ఆపి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. బాగుంటే దాని కనెక్టర్ తీసేయండి. లోపల చెయ్యి పెట్టే ముందు ఏదైనా లోహపు వస్తువును తాకండి.. ఒంట్లోని స్టాటిక్ కరెంట్ పోతుంది.
5. యాంటెన్నా వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వైర్ పట్టి లాగకుండా, పిన్నును నిటారుగా పైకి లేపండి.
6. స్క్రూ తీయగానే కార్డ్ ఏటవాలుగా పైకి లేస్తుంది. కొత్తదాన్ని అదే కోణంలో దూర్చి, కిందికి నొక్కి స్క్రూ బిగించండి. ఆ తర్వాత ఫొటో చూస్తూ యాంటెన్నా పిన్నులు ‘టక్’మనే దాకా నొక్కండి.
7. బ్యాటరీ కనెక్టర్ పెట్టి, కవర్ బిగించి ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయండి.

పనిచేయకపోతే..
సిగ్నల్ రౌటర్ పక్కనే వచ్చి, కాస్త దూరం జరిగితే పోతుంటే యాంటెన్నా పిన్ను సరిగ్గా కూర్చోలేదని అర్థం. డ్రైవర్ దొరక్కపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, టెథరింగ్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్‌కు నెట్ వస్తుంది. పాత కార్డ్ పారేయొద్దు. కొత్తది నప్పకపోతే మళ్లీ అదే దిక్కు.

వారంటీ ఉన్న ల్యాప్‌టాప్ అయితే కవర్ తీసే ముందు నిబంధనలు చదవండి. కార్డ్ సోల్డర్ చేసి ఉన్నా, లోపల యాంటెన్నా వైర్లే లేకపోయినా విప్పి లాభం లేదు. అలాంటివాళ్లు 5 గిగాహెర్ట్జ్ పట్టే యూఎస్‌బీ వైఫై డాంగిల్ తీసుకుంటే సరిపోతుంది.