ఎనిమిది వేల గొట్టాల కథ



జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పిన వాడికి కారు రేడియేటరుతో పనేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కాని చివరిదాకా చదివిన తరువాత నవ్వండి.

1976 వేసవి. నేనెక్కిన బస్సు దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కుతూ, ఆవిరి కక్కి నడిదారిలో ఆగిపోయింది. క్లీనరు కుర్రవాడు, పదిహేనేళ్ళుంటాయేమో, చేతికి గుడ్డ చుట్టుకొని రేడియేటరు మూత తిప్పాడు. బుస్సున ఎగజిమ్మిన నీరు వాడి ముంజేతిని కాల్చివేసింది. "నీళ్ళు తక్కువైనాయి, అంతే" అన్నాడు డ్రైవరు. నీరు తక్కువైతే అంత నీరు పైకెలా ఎగసిందన్న సందేహం నన్ను చాలాకాలం వదలలేదు.

గతనెల అది మళ్ళీ తలెత్తింది. చెన్నైలో ఉండే మా తమ్ముడి కొడుకు ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు మీద ఒక పూట తన సొంత కారు నడపబోతున్నాడు. ముందుగా రహదారి మీద పరీక్షిస్తే, వేగం పెంచినప్పుడల్లా వేడిని చూపే ముల్లు ఎర్రగీత వైపు పోతున్నదట, నెమ్మదిస్తే దిగుతున్నదట. "నీళ్ళు పోద్దామని చూస్తే మట్టం తగ్గడమే లేదు పెదనాన్నా" అన్నాడు. వాడికి సమాధానం వెదకబోయి నేను నూరేళ్ళకు పైగా వెనక్కు వెళ్ళాను.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో రేడియేటరు లేదు. సిలిండరు చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోతూ వేడిని మోసుకుపోయేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా తన ఇద్దరు కొడుకులతో మన్‌హైం నుండి ఫోర్జ్‌హైంకు నూరు కిలోమీటర్ల పైచిలుకు ఆ బండిలో ప్రయాణించినప్పుడు, దారి పొడుగునా నీళ్ళు నింపుకుంటూ పోవలసి వచ్చింది. వేడికి మందు నీరే అన్నది ఆనాటి సిద్ధాంతం. మా బస్సు డ్రైవరుదీ అదే.

ఇంజన్ల బలం పెరిగేకొద్దీ ఆ సిద్ధాంతం బరువెక్కింది. ఎక్కువ వేడికి ఎక్కువ నీరు, ఎక్కువ నీటికి ఎక్కువ బరువు; పందెపు బండికి బరువే శత్రువు. 1900లో డైమ్లర్ కంపెనీకి కొత్త బండ్లు పురమాయించిన ఎమిల్ యెల్లినెక్, తేలికగా, నేలకు దగ్గరగా, బలంగా ఉండే బండి కావాలని పట్టుబట్టాడు. దానికి తన కూతురు మెర్సిడెస్ పేరు పెట్టించాడు. రూపకర్త విల్హెల్మ్ మైబాఖ్.

మైబాఖ్ ఆలోచన తిరగబడింది ఇక్కడే. నీరు వేడిని మోసే కూలీ మాత్రమే, దించుకొనేది గాలి. కూలీలను పెంచి లాభమేమి, దించుకొనే చోటు ఇరుకైతే? అందుకని ఆయన ఆరేసి మిల్లీమీటర్ల చదరపు నోరున్న 8,070 చిన్న గొట్టాలను తేనెపట్టులా పేర్చి అతికించాడు. గొట్టాల లోపల గాలి, వాటి సందులలో నీరు. బండి మెల్లగా పోయేటప్పుడు కూడా గాలి ఆడేటందుకు వెనుక ఒక పంకా. మునుపు 18 లీటర్ల నీరు కావలసిన చోట 9 లీటర్లు సరిపోయినవి. 1901 ఫిబ్రవరిలో పో నగరపు పోటీలో ఆ బండి మధ్యలోనే విరమించింది. మార్చిలో నీస్ నగరంలో 392 కిలోమీటర్ల పందెంలో విల్హెల్మ్ వెర్నర్ అదే రకం బండితో, గంటకు సగటున 58 కిలోమీటర్ల వేగంతో, మొదట వచ్చాడు. నేటి కారు ముందుభాగంలోని జాలీ ఆ తేనెపట్టుకు వారసురాలే.

తరువాతి తరం మరొక అడుగు వేసింది. నీటిని మూసి ఒత్తిడిలో ఉంచితే అది నూరు డిగ్రీలకు మరగదు. బయటి గాలి ఒత్తిడికి మరొక అంత కలిపితే నూట ఇరవై దాకా ఆగుతుంది. కాని మూత తీసిన క్షణంలో ఆ అడ్డు తొలగి, నూరు దాటిన నీరంతా ఒక్కుమ్మడిగా మరుగుతుంది. నా సందేహానికి జవాబు ఇదే. ఆ కుర్రవాడి చేతిని కాల్చింది నీటి కొరత కాదు, మూత కింది ఒత్తిడి.

ఇక మావాడి కారు. ఈ చరిత్ర నడిచిన వరుసలోనే వెదకమన్నాను. మొదట నీరు: మట్టం తగ్గడం లేదు కనుక కారడం లేదు. (కారకుండానే తగ్గితే ఇంజను లోపలి గ్యాస్కెట్టును అనుమానించాలి.) తరువాత గాలి: ఆగి ఉన్నప్పుడు వేడెక్కితే పంకా దోషం, వేగంలో వేడెక్కితే రేడియేటరు మూసుకుపోవడమో, నీటి ప్రవాహం చాలకపోవడమో. అంటే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవడం, పంపు అరగడం, కింది గొట్టం లోపలికి పీల్చుకుపోవడం. చివరకు మూత: దాని స్ప్రింగు సడలితే నీరు ముందే మరుగుతుంది. బోరునీళ్ళు మాత్రం పోయవద్దన్నాను. ఆ సున్నం గొట్టాలలో పేరుకుంటుంది.

మెకానిక్కు ఏ.సి. జాలీని పక్కకు తప్పించి చూస్తే, దానికీ రేడియేటరుకూ నడుమ దుమ్మూ పురుగులూ చాపలా అల్లుకొని ఉన్నాయట. గాలి దారే మూసుకుపోయింది! లోపలి వైపు నుండి మెల్లగా నీటిధారతో కడిగితే వదిలింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే బాపతు కాక, వారం ముందే చూసుకోబట్టి సరిపోయింది. ట్రాకు మీద ముల్లు మధ్యలోనే నిలిచిందని ఆ సాయంత్రం ఫోను చేశాడు.

"ఇంజను చల్లారి, మూత మీద అరచెయ్యి హాయిగా ఆనించగలిగేదాకా దానిని తిప్పవద్దురా" అని మరొకసారి చెప్పాను. ఇప్పటికి పదిసార్లు విన్నానన్నాడు. పదకొండవసారీ చెబుతాను. వాడు ఘాటు రోడ్డు మీది ఆ కేక వినలేదు.

మీకూ ఇటువంటి ఘాటు రోడ్డు జ్ఞాపకాలుంటే వ్రాయండి.