తెలిసిన సంగతి మళ్ళీ తెలియడానికి రెండొందల ఏళ్ళు

నీళ్ళలోంచి తీసిన హీరోయిన్ పొట్ట మీద హీరో రెండు నొక్కులు నొక్కితే చాలు, గుక్కెడు నీళ్ళు కక్కి లేచి కూర్చుంటుంది. ఊపిరాగిన మనిషిని బతికించడం గురించి మన సినిమాలు నేర్పింది అంతే. అసలు చరిత్ర ఇంతకన్నా చిత్రంగా ఉంటుంది.

1732లో స్కాట్లాండులో, గనిలో పొగకి ఊపిరాగి పడిపోయిన ఒక కార్మికుడికి విలియం టొసాక్ అనే సర్జన్ నోట్లో నోరు పెట్టి గాలి ఊదాడు. మనిషి బతికాడు. 1740లో పారిస్ సైన్సు అకాడమీ నీళ్ళలో మునిగినవాళ్ళకి ఇదే చెయ్యమంది. 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మునిగినవాళ్ళని కాపాడ్డానికి ఏకంగా ఒక సంఘమే పెట్టారు. (వాళ్ళ వైద్యంలో వెనకనుంచి పొగాకు పొగ ఎక్కించడం కూడా ఉంది లెండి!)

మరి ఇంత తెలిసీ ఎందుకు వదిలేశారు? తమాషా ఏంటంటే, సైన్సు ముందుకెళ్ళడం కూడా ఒక కారణమే. 18వ శతాబ్దం చివర్లో ఆక్సిజన్ సంగతి బయటపడింది. మనం వదిలేది వాడేసిన గాలి కదా, ఇంకొకరికి ఏం పనికొస్తుంది అన్నారు. పైగా ముక్కూమొహం తెలీనివాడి నోట్లో నోరు పెట్టడమా అన్న ఏవగింపు. దాంతో తిత్తులొచ్చాయి, తర్వాత చేతులు పైకెత్తి దించడాలు, బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కడాలు. ఈ పద్ధతులే 1950ల దాకా నడిచాయి. మా భాషలో లెగసీ కోడ్ అన్నమాట.

జేమ్స్ ఎలామ్ అనే డాక్టర్ 1954లో మనం వదిలే గాలి చాలని చూపించాడు. అందులో ఇంకా సుమారు 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది మరి. తర్వాత బాల్టిమోర్‌లో పీటర్ సఫార్, మత్తిచ్చి కండరాలు పనిచెయ్యకుండా చేసిన వాలంటీర్ల మీద పరీక్షించాడు. పాత పద్ధతుల్లో గాలి సరిగ్గా లోపలికి పోవట్లేదు. తల వెనక్కి వంచి నోటితో ఊదితే పోతోంది, ఊదేది మామూలు జనమైనా సరే.

ఇక గుండె సంగతి. 1960లో జాన్స్ హాప్కిన్స్ నుంచి కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ముగ్గురూ ఛాతీ కొయ్యకుండా పైనుంచి నొక్కే పద్ధతిని ప్రకటించారు. వీళ్ళలో కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు! కుక్కల మీద ప్రయోగాల్లో, షాకిచ్చే పరికరాన్ని ఛాతీకి గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు పెరగడం నికర్‌బాకర్ గమనించడంతో మొదలైంది ఇదంతా.

2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇంకో మెట్టు దిగింది. ఉన్నట్టుండి కుప్పకూలిన పెద్దవాళ్ళకి, శిక్షణ లేనివాళ్ళు నోటితో ఊదకపోయినా ఫర్వాలేదు, ఛాతీ నొక్కితే చాలంది. (నీళ్ళలో మునిగినవాళ్ళకి మాత్రం ఊపిరీ కావాలి.)

ఈ కథలో నాకు అర్థమైంది ఒకటే. ప్రాణం నిలబెట్టే పని డాక్టర్ల చేతుల్లోంచి పక్కనున్న మనిషి చేతుల్లోకి వచ్చింది. కానీ మన దగ్గర ఎవరైనా పడిపోతే ఇప్పటికీ ముందు జనం మూగుతారు, తర్వాత తాళంచెవి గుత్తి కోసం వెతుకుతారు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 ఎంత తొందరగా వచ్చినా, అది వచ్చేదాకా ఆ నిమిషాలు మనవే. పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగ్గా తీసుకోకుండా ఉంటే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. ఒక్కపూట నేర్చుకుంటే వచ్చే విద్య. దీనికోసం ఇంకో రెండొందల ఏళ్ళు ఆగుదామా?