1997 ఆసియా ద్రవ్య సంక్షోభం: అమీర్‌పేట, పంజాగుట్టల కోణం

1997 జూలై 2న థాయ్‌లాండ్ తన కరెన్సీ 'బాత్' విలువను మార్కెట్‌కు వదిలివేయడంతో ఆసియా ద్రవ్య సంక్షోభం మొదలైంది. ఇండొనేషియా, దక్షిణ కొరియాలు కుదేలైనా భారతదేశం నిలదొక్కుకుంది. స్వల్పకాలిక విదేశీ రుణం తక్కువగా ఉండడం, పెట్టుబడి ఖాతాలో రూపాయికి పూర్తి మార్పిడి స్వేచ్ఛ లేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. దీనిని పూర్తిగా ముందుచూపు ఫలితంగా భావించలేం. ఆ స్వేచ్ఛను మూడేళ్లలో దశలవారీగా కల్పించాలని తారాపూర్ కమిటీ ఆ ఏడాది మే నెలలోనే సిఫార్సు చేసింది. రూపాయిపై ఒత్తిడి పెరిగినప్పుడు, 1998 జనవరిలో రిజర్వు బ్యాంకు తన బ్యాంకు రేటును 9 నుంచి 11 శాతానికి పెంచవలసివచ్చింది.

సంక్షోభం మొదలైనప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న సి. రంగరాజన్, 1997 నవంబరులో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పంజాగుట్టను ఆనుకొని ఉన్న సోమాజిగూడలోని రాజ్‌భవన్‌కు వచ్చారు. ఆ సమీపంలోనే, అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లో, దేశ విదేశీ మారక రాబడికి మరొక ఆధారం రూపొందుతున్నది. 2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీ సమస్యను సరిదిద్దడానికి అమెరికాకు కోబాల్ తెలిసినవారు అవసరమయ్యారు. తెలుగు జిల్లాల యువత ఇక్కడి శిక్షణ సంస్థల్లో చేరింది. 1998లో అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. సాఫ్ట్‌వేర్ ఎగుమతులు, ప్రవాసులు పంపిన సొమ్ము దేశానికి ఊతమిచ్చాయి.

అయితే ఈ ఊతమే కొత్త ఆధారపడటానికి దారితీసింది. 2001లో అమెరికా సాంకేతిక రంగం కుంగినప్పుడు ఆ దెబ్బ అమీర్‌పేటకూ తగిలింది. కాబట్టి ఒక దేశం సంక్షోభాన్ని తట్టుకున్నదని చెప్పేటప్పుడు మారక నిల్వలతో పాటు, అప్పుచేసి శిక్షణ రుసుము చెల్లించిన కుటుంబాల స్థితినీ లెక్కలోకి తీసుకోవాలి.